కాలిన గంట

ఎన్నింటికి కాలింది?
మొదట అడగాల్సింది అదే.
పేరు తర్వాత రాసుకోవచ్చు.

చిత్తూరు ఆస్పత్రి చీటీలో టైము గడి ఖాళీ.
తమ్ముడు తెల్లారుజామున అంటాడు,
మామ ఇంకా కోడి కుయ్యలేదంటాడు.
పెండ్లాం దేశమ్మ ఒక్కతే వేళ్ళు మడిచి లెక్కగట్టింది:
"పన్నెండుకి త్రీఫేజు ఇచ్చినారు మేడమ్.
గానుగాడించి, ఒక పెనం దించి,
రెండోది పాకానికొచ్చింది. అప్పుడు జారినాడు."
నాలుగు, అని రాసినాను.
వార్డు గడియారంలో పది.

ఇరాల నుంచి తిరుపతి అంత దూరమేం కాదు.
సున్నపుతేట, కొబ్బరినూనె పూసింది ఒక గంట,
ఆటో కోసం చూసింది ఒక గంట,
ఊరి డాక్టరు సూది, చిత్తూరులో చీటీ,
దోవలో రైల్వే గేటు, ఎంతకీ అయిపోని గూడ్సు బండి.
ఆరు గంటలు.
ఒంట్లోకి ఒక్క చుక్క ఎక్కలేదు.

కాళ్ళు రెండూ, కుడి ముంజెయ్యి. నూటికి నలభై.
బరువెంత?
"బెల్లం తూకమేస్తాడు గానీ తానెప్పుడూ కాటా ఎక్కింది లేదు."
యాభై అనుకున్నాం.
నాలుగు మిల్లీలెక్కన, యాభైకి, నలభైకి
ఎనిమిది లీటర్లు.
అందులో సగం తొలి ఎనిమిది గంటల్లో పోవాల.
మా గుమ్మం తొక్కినప్పట్నించి కాదు ఆ ఎనిమిది,
పాకం ఒంటిమీద పడినప్పట్నించి.
నాలుగు లీటర్లు. మిగిలింది రెండు గంటలు.

చెంగల్రాయుడు నీళ్ళడగతానే ఉన్నాడు.
నాలుక చెరకుపిప్పి.
ఒళ్ళు మాత్రం ఉబ్బిపోతా ఉంది.
రక్తనాళాలకి కనపడని చిల్లులు,
కాలవ ఎండిపోయి
గట్టు పక్క మడి ఊటెక్కినట్టు.

హౌస్‌సర్జన్ పిల్లోడు సెలైన్ సంచిని
రెండు చేతుల్తో పిండబోయినాడు.
హేమాద్రి సార్ మణికట్టు పట్టుకున్నాడు.
"వేగంగా పోనీ, పిండొద్దు.
ఆరు గంటల అప్పు ఒక్క దెబ్బకి తీరిస్తే
ఊపిరితిత్తులు మునుగుతాయి.
లెక్క మొదలుపెట్టడానికే నాయనా.
ఇంక వీడి ఒంటేలు చెప్పాల."

అప్పట్నించి మంచం కింద సంచి దగ్గర నేను,
గంటకొకసారి గొంతుక్కూచుని.
పదకొండుకి పది మిల్లీలు, మాడిన పాకం రంగు.
పన్నెండుకి పద్నాలుగు.
చుక్కలు పెంచినాం.
ఒంటిగంటకి పంతొమ్మిది.
రొమ్ము మీద స్టెత్ పెట్టి గురగుర లేదని
సార్ మళ్ళీ పెంచమన్నాడు.

"ఏం చూస్తాండావు మేడమ్ అట్ట?"
రంగు, అన్నాను.
దేశమ్మ తలూపింది. ఇంకేం అడగలా.
పాకం ముదిరిందో లేదో
గడియారం చూసి ఎవురు దించినారు గనక.

నాలుగుకి ముప్పై ఒకటి.
ఐదుకి ముప్పై ఎనిమిది, పల్చటి పానకం.
అతను కండ్లు తెరిచి
పెనం దించినారా అన్నాడు.
మాడిపోయిందని చెప్పలేక దేశమ్మ
కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

బతుకుతాడా అంటే ఇంకా నాకు తెలీదు.
కాలిన తోలుకి ముందుంది అసలు కాలం.
రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్ కేసు షీటు తిప్పతా
"పదింటి కేసా?" అనింది.
కాదు, అన్నాను చెప్పులేసుకుంటా.
నాలుగింటిది.