బిళ్ళల లెక్క

రాత్రికి రాత్రే డాలియాలు నల్లబడ్డాయి.
నిన్నటిదాకా పళ్ళెమంతేసి పూసినవి
ఉడికించిన ఆకుకూరలా కాడలకి వేలాడుతున్నాయి.
"ఇప్పుడు తవ్వొచ్చు" అంది ఒతీలియా కంచె అవతలి నుంచి.
"ముందే తవ్వితే దుంపకి నిద్ర పట్టదు."

బితొమ్‌లో, మూతపడ్డ బొగ్గుగని వెనక,
రైలు పట్టాలకీ మురుగుకాల్వకీ మధ్య
చాపంతేసి తోటలు మావి.
నాకు పూల సంగతి తెలీదు. మోయడం తెలుసు.
అందుకే పిలుస్తుంది.

కాడని జానెడు ఉంచి కోస్తుంది.
ముళ్ళపార దూరంగా గుచ్చి
గుత్తిని నెమ్మదిగా లేపుతుంది.
తలకిందులుగా నిలబెట్టి
బోలు కాడల్లో నీళ్ళు కారిపోనిస్తుంది.
దెబ్బ తగిలిన చోట బూడిద అద్దుతుంది.
ఆపైన ఒక్కోదాని మెడకీ
రాగితీగతో ఒక ఇత్తడి బిళ్ళ.

ముప్పై ఒక్క ఏళ్ళు గని దీపాలగదిలో ఆమె.
దిగేవాడికి దీపమూ బిళ్ళా ఇవ్వడం,
ఎక్కినవాడి దగ్గర రెండూ పుచ్చుకుని
బిళ్ళని దాని మేకుకి తగిలించడం.
మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే.
గని మూసేసిన రోజు, ఎవరికీ అక్కర్లేని బిళ్ళల్ని
ఏప్రన్ జేబుల్లో ఇంటికి తెచ్చుకుంది.
ఇప్పుడు రెండువందల ఏడు అంటే నేరేడు రంగు.
రెండువందల పదకొండు, అంచులు తెల్లబడ్డ పసుపు.

ఆమె ఉండే భవనం కింద బొగ్గు నిలవచేసే నేలమాళిగ.
ఇప్పుడు బొగ్గు లేదు.
యాపిల్ పెట్టెలు, రంపపు పొట్టు,
గోడకి ఐదు డిగ్రీల దగ్గర ఆగిన థర్మామీటర్.
చిన్న కిటికీ కింద జెరేనియంలు,
నెలకో గ్లాసుడు నీళ్ళు.
"బతకడానికి చాలు. పెరగమని ఎవరన్నారు?"

ఆదివారాలు దిగి తడిమి చూస్తుంది.
మెత్తబడ్డదాన్ని కత్తితో కోసేస్తుంది, ముఖం చిట్లించకుండా.
ముడతలు పడ్డదానిమీద నాలుగు చుక్కలు చిలకరిస్తుంది.

జనవరిలో పై అంతస్తు టిమెక్ టార్చి పట్టుకుని వెంట దిగాడు.
ఏడేళ్ళు. అంకెల పిచ్చి.
"రెండువందల పదమూడు తర్వాత పదిహేనా? పద్నాలుగేదీ?"

ఆమె పొట్టు సర్దింది. మళ్ళీ సర్దింది.
"అది ఇంకా పైకి రాలేదు."
"ఎప్పుడొస్తుంది?"
"లైటు ఇటు పట్టు."

మే నెలలో చలి సోఫియా రోజు దాటాక
పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కాం.
పైన నిలబడి ఆమె ఒక్కో అంకే పిలిచింది.
నేను "ఉంది" అన్నాను, "ఉంది" అన్నాను,
మూడుసార్లు ఏమీ అనలేదు.
ఇరవై రెండు దిగాయి, పంతొమ్మిది ఎక్కాయి.
కళ్ళ దగ్గర గులాబీ రంగు మొటిమలు.

పోయినవాటి బిళ్ళలు కడిగి, తుడిచి
వంటింటి గోడకున్న వరసలో తగిలించింది.
వరస మధ్యలో ఒక మేకు బోడిగా ఉంది.
టిమెక్ వచ్చి, అందుబాటులో ఉందని,
దానికి తన టోపీ తగిలించాడు.

తియ్యమంటుందనుకున్నాను.
ఆమె ముల్లంగి తరుగుతూనే ఉంది.