గార

చండూరు బస్టాండు ఎదురుంగ
పాత మిల్లు గోడకు ఒక్క అక్షరం మిగిలింది.
ఏ కంపెనీ పేరో ఏమో, నడిమిట్ల 'మ'.
మదార్ సాబ్ రాసింది.
ముప్పై వానలు తాగింది గాని
దాని కడుపు తగ్గలే.

సున్నం గోడకు నూలుదారం కొట్టి
బొగ్గుపొడి గీత మీద
ఊపిరి బిగవట్టి కుంచె గుంజేది ఆయన.
గీత అయినంకనే ఊపిరి.
"అక్షరానికి ఆకలుంటది బిడ్డా,
ఇరుకుల వెట్టి మాడ్సకు" అనేది.

రెండేండ్లు ఆయన బ్రష్షులు కడిగిన.
తాగే నీళ్ళల్ల గూడ కిరసనాయిల్ వాసన.
ఆడివిల్లకు నిచ్చెనేందని మా అమ్మ ఎక్కనియ్యలే.
అందుకే ఈ ఊరి గోడల మీద
కింది వరుస అక్షరాలన్నీ నావి,
కుక్కలు ఒరుసుకున్నయి, మేకలు నాకినయి.

మూడో ఏడు మిషనొచ్చింది.
వారం రోజుల పనిని పావుగంటల కక్కింది.
మదార్ సాబ్ దగ్గరికొచ్చి అరచేత్తోని తడిమి
"రంగు ఎండుడు లేదా?"
అని ఒక్కటే అడిగిండు.
తర్వాత కొన్నొద్దులు లారీల ఎనక హారన్ అని రాసిండు,
దానికి గూడ స్టిక్కరొచ్చేదాక.

నేనిప్పుడు కూసునేది ఆ మిషన్ పక్కన్నే.
అడుగుకు పదిహేను రూపాయలు.
డిజైన్‌కు పైసలేంది, పేరు మార్చుడే గదా అంటరు.
ఇరవై మూడు మొఖాలు ఒక్క పుట్టినరోజు ఫ్లెక్సుల పట్టాలె.
పక్కాయన కంటె తన తలకాయ చిన్నగున్నదని
రాత్రి పన్నెండింటికి ఒకాయన ఫోన్ జేసిండు.
స్కేలు వెట్టి కొలిచిన.
నిజమే, అరంగుళం.

మా దిక్కు బోరు నీళ్ళ సంగతి అందరికెరుకే.
నవ్వితే గార.
పెండ్లి పత్రికల మేనమామలకు,
వార్డు మెంబర్లకు, రిటైరైన సార్లకు
ఒక్కొక్క పన్ను తెల్లజేస్త, పన్నుకు నాలుగు క్లిక్కులు.
చెయ్యమని ఎవ్వలు అడగరు.
చేసినంక మాత్రం "మంచిగొచ్చింది" అంటరు.

మొన్న షట్టర్ సగం దించినంక
అండాలు ఒచ్చింది, మరిది కొడుకును ఎంటవెట్టుకొని.
బాయిలు తవ్వే ఇస్తారి పెండ్లాం.
దినాలకు ఫ్లెక్సు గావాలె.
కొంగు ముడిల, ఏదో బారసాలల తీసిన గుంపు ఫోటో.
పక్కోళ్ళ భుజాలు కోసేసిన,
ఎనక టెంటు తీసేసి మబ్బులు వెట్టిన,
అలవాటుకొద్ది పండ్లు గూడ తోమేసిన.

ఆమె తెర దిక్కు శానసేపు చూసింది.
"ఈయనెవలు?" అన్నది.

నేను మాట్లాడలే.

"ఇటికెపొడేసి తోమి తోమి సాలిచ్చుకుండు.
ఫోటో అంటె పెదవులు బిగవట్టేటోడు,
మా పెండ్లి ఫోటోల గూడ అంతే.
గీ ఒక్క తాననే యాది మర్సి నవ్విండు.
గది తీసెయ్యకు బిడ్డా."

కంట్రోల్ నొక్కి, జెడ్ నొక్కిన.
ఇంకోపారి. ఇంకోపారి.
పసుపుపచ్చగ, మట్టిరంగుగ, నడుమ నల్లచారగ
ఒక్కొక్క పన్ను ఎనకకొచ్చింది,
బాయిలకెళ్ళి మనిషిని తాడేసి గుంజినట్టు.

నవ్వు పూరాగ ఒచ్చినంక
ఆ పిలగాడు "పెదనాయినా" అన్నడు.

ఆరు బై నాలుగు. మూడొందల అరవై.
మూడొందలిచ్చి, కడమవి దినాలైనంక అన్నది.
మిషన్ల నుంచి బయటికొచ్చిన ఫ్లెక్సును
చుట్టబోయి ఆగిన.
తడి లేదు దానికి, ఎండేది లేదు.
అయినా రెండు చేతులతోని పట్టుకొని
కొంచెంసేపు ఊకెనే నిలబడ్డ.

దినాలైనంక అది
వాళ్ళ రేకుల మీదికే పోతది, వాన ఉరవకుంట.
నాకెరుకే.
మొఖం కిందికి ఏస్తరో, పైకి ఏస్తరో
అది మాత్రం అడగలే.