ఒక గంట తేడా

అక్టోబరు చివర్లో మా ఊళ్ళో గడియారాలు వెనక్కి తిప్పుతారు.
ఏటి అవతలివాళ్ళు తిప్పరు.
అప్పట్నించి చలికాలమంతా
నార్వాలో ఫోన్లకు మతి నిలవదు.
నా క్షవరం కొట్టు సరిగ్గా ఒడ్డు మీద.
లోపలి గోడ పక్క కుర్చీలో ఒంటిగంటా పది,
కిటికీ పక్క కుర్చీలో రెండూ పది.
మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుని
కదలకుండానే పరాయి దేశం వెళ్ళొస్తారు మావాళ్ళు.
స్వాగతం అంటుంది అవతలి టవరు.
ఆ స్వాగతానికి నెలాఖర్న బిల్లు పంపుతుంది ఇవతలి కంపెనీ.

క్లావ్‌దియా పెత్రోవ్నా ఫోన్ని
రేకు బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత నొక్కి, దాని మీద చెయ్యి వేసి గానీ
తలకు రంగు వేయించుకోదు.
"గోడలకు చెవులున్న కాలంలో పుట్టాను.
గోడలే నయం, జేబులోకి దూరేవి కావు."
అన్న ఐదు నిమిషాలకే డబ్బా తీసి
మనవరాలి బోసినవ్వు
తెలిసినవాడికీ తెలియనివాడికీ చూపిస్తుంది.
రోదియోన్‌కి ఈ భయాల్లేవు.
"దాచుకోడానికి నా దగ్గరేముంది, అప్పులు తప్ప?
చూడనీ. చూసినవాడు జాలిపడి తీరుస్తాడేమో."

రాజకీయాలొస్తే ఎవరూ పేర్లెత్తరు.
గడ్డంతో ఏటివైపు చూపించి "ఆయన" అంటారు.
గడ్డం పడమటికి తిప్పి, సముద్రం దాటించి, "ఆ ఇంకొకాయన" అంటారు.
నేను నురగ రాసి కత్తి పట్టుకుంటే మాత్రం
లోకం వ్యవహారాలు ఆగాల్సిందే,
గడ్డం కదపకూడదు.
మా ఊరు చూసిన కాల్పుల విరమణ అదొక్కటే,
మనిషికి ఏడు నిమిషాలు.

లెంబిట్ ఓరవ్ ఏ వాదనలోకీ రాడు.
ముప్పై ఏళ్ళు మరమగ్గాల రొదలో నిలబడి
వినికిడి సగం మిల్లుకే వదిలేశాడు.
ఓసారి మెడ మీద వెంట్రుకలు దులుపుతుంటే
తనే చెప్పాడు, కాస్త గట్టిగా.
మన కాగితాలు ఎవరు తెరిచి చూశారో
ఈ దేశంలో మనమూ చూసుకోవచ్చట.
పడుకోబోయే ముందు రోజూ కార్డు పెట్టి చూస్తాడట.
మార్చిలో కంటి డాక్టరు.
మేలో పింఛనాఫీసు, రెండుసార్లు.
జూలైలో ఒక పోలీసు.
"ఎందుకు చూశావని అడగలేదా?" అన్నాను.
"అడిగాను. పొరపాటున చూశానన్నాడు.
గొంతు మంచిది, చిన్నవాడు."
తర్వాత ఆగస్టు ఖాళీ.
సెప్టెంబరు ఖాళీ.
ఇంతమంది చూపులకి భయపడే ఊళ్ళో
ఈయన రాత్రిపూట తలుపు తెరిచి
వీధి చివరిదాకా చూస్తున్నాడన్నమాట.
ఏమనాలో తోచక
సెంటు కొంచెం ఎక్కువ కొట్టాను.

డిసెంబరులో ఆయన గురువారం వచ్చింది,
ఆయన రాలేదు.
ఫోన్ చేస్తే ఏ ఒడ్డున మోగిందో, ఎవరూ ఎత్తలేదు.
రోదియోన్ అన్నాడు, "సిగ్నలు పట్టి ఎక్కడున్నాడో కనుక్కోవచ్చు."
"తప్పు, అలా చెయ్యకూడదు" అంది క్లావ్‌దియా.
తర్వాత, సగం రంగేసిన తలతో, మెల్లిగా,
"మూడో మెట్లదారి. నాలుగో అంతస్తు, ఎడమ చేతివైపు.
ఆదివారం పొద్దున చెత్త పారేస్తాడు, ఊదారంగు టోపీ.
మొన్న ఆదివారం పారెయ్యలేదు."
మేం ఆమె వైపు చూశాం.
"మా వంటింటి కిటికీ అటే ఉంది, ఏం చెయ్యను?" అంది,
"పదకొండేళ్ళుగా."

కొట్టు మూశాను.
మంచులో ముగ్గురం.
డబ్బా కుర్చీలోనే మర్చిపోయింది ఆవిడ.
నాలుగో అంతస్తుకి ఎక్కేసరికి ఆయాసం,
తలుపు మీద బాదిందీ ఆవిడే.
చాలాసేపటికి గొలుసు కదిలింది.
జ్వరం ముఖం, వారం గడ్డం, భుజాన దుప్పటి.
"ఎవరు పంపారు మిమ్మల్ని?" అన్నాడు లెంబిట్.

నుదుటి మీంచి కారుతున్న రంగు తుడుచుకుంటూ
క్లావ్‌దియా పెత్రోవ్నా అంది,
"ఎవరూ పంపలేదు.
పొరపాటున చూశాం."