నాలుగో పొయ్యి

మొదటిది నూనె డబ్బా.
పదిహేను కిలోల పామాయిల్ డబ్బాకి
పొట్టలో కన్నం కోసి, పైన జాలీ పరిచి
"అక్కా, చూడు" అన్నాను.
సాంబ్రాజ్యమక్క చూసింది.
కొంగుతో కళ్ళొత్తుకుని
"వంటకా ఇది, దోమలకా?" అంది.

ఆటోనగర్‌లో మా రేకుల షెడ్డు కింద
పద్నాలుగు మందికి మధ్యాహ్నం అన్నం వండుతుందామె.
గ్యాసు బండ ధర పెరిగినప్పుడల్లా
పప్పు పలచబడేది.
పక్కన లారీ బాడీలు కట్టే మౌలాలీ దగ్గర
చెక్క ముక్కల గుట్ట,
ఊరికే తీసుకుపొమ్మనే గుట్ట.
ఇనుముని అతికించి బతికేవాణ్ణి,
నిప్పు రోజూ నా చేతిలో నీలంగా నిలబడేది.
కట్టె నిప్పు మాత్రం
నా మాట వినలేదు.

రెండోది అరిగిన బ్రేక్ డ్రమ్ము,
కమాను ముక్కలతో నాలుగు కాళ్ళు.
లారీలని ఆపిన ఇనుము కదా,
మంటనీ ఆపేసింది.
ఎసరు మరగడానికి ముప్ఫై ఒక్క నిమిషం.
సుద్దముక్కతో షట్టరు మీద రాశాను.
డ్రమ్ము వేడెక్కింది, నేను వేడెక్కాను,
కడిగిన బియ్యం మాత్రం
చల్లగా కూర్చున్నాయి.

మూడోదానికి రాత్రులు పెట్టాను.
సైలెన్సర్ గొట్టాన్ని మోచెయ్యిలా కోసి అతికించాను:
అడ్డంగా కట్టె, నిలువునా మంట.
చుట్టూ పెద్ద డ్రమ్ము. మధ్య సందులో
రైసుమిల్లు ఊక బూడిద కూరాను.
ఐసుగడ్డని పొట్టులో దాస్తారే,
అలా వేడిని దాచాను.
నోటి దగ్గర బందరు కాలువ ఒండ్రు
వరిగడ్డితో తొక్కి మెత్తాను.
వెలిగిస్తే గొట్టం గుర్రుమంది,
లోడు లారీ వారధి ఎక్కుతున్నట్టు.
పొగ లేదు.
మౌలాలీ టీ చెప్పాడు.
నేను మీసం దువ్వుకున్నాను.

అక్క గిన్నె పెట్టింది.
గుర్రు ఆగింది.
కట్టె పెట్టే నోట్లోంచే
పొగంతా వెనక్కి, నా మొహం మీదికి.

గాలి చాలదనుకుని కన్నం పెంచాను.
కట్టె తడనుకుని మౌలాలీని తిట్టాను.
గొట్టం పొట్టిదనుకుని జానెడు అతికించాను.
పొయ్యి ఒంటి మీద
తప్పుకొక వెల్డింగ్ మచ్చ,
ఇప్పటికీ లెక్కపెట్టుకోవచ్చు.

నాలుగో రోజు అక్క ఏమీ అనకుండా
నా పానాల పెట్టెలో చెయ్యి పెట్టి
మూడు నట్లు ఏరింది. చక్రాలవి, పెద్దవి.
గొట్టం అంచు మీద మూడు వైపులా నిలిపి
వాటి మీద గిన్నె పెట్టింది.

అంతే.
వారధి మీద మళ్ళీ లారీ.
గిన్నె అడుగున మంట
విస్తరి పరిచినట్టు పరుచుకుంది.

"మా అమ్మ మట్టిపొయ్యికి మూడు గడ్డలు పెట్టేది రా.
ఎందుకే అంటే
పొయ్యి నోటికి గిన్నె పెట్టు గానీ
ముక్కు మూయకు అనేది."

పన్నెండు నిమిషాలు.
షట్టరు మీద రాస్తుంటే
సుద్ద లాక్కుని పక్కనే ఇంకో అంకె వేసింది.
ఏడు.
ఏడు చెక్క ముక్కలు.
నేను గడియారం చూస్తున్నంతసేపూ
ఆమె కట్టెలు లెక్కపెడుతోంది.
నాలుగోది నేను కట్టలేదు,
మూడోదాన్నే ఆమె నాలుగోది చేసింది.

రంగు చెక్క ఘాటని వద్దంటుంది. గీకి ఇస్తాను.
నిన్నొక పలక వచ్చింది, పాత లారీ వెనక తలుపుది.
పసుపు రంగులో 'మళ్ళీ కలు' దాకా ఉంది,
తక్కింది ఎక్కడ విరిగిందో.
గీకబుద్ధి కాక పక్కన పెట్టాను.
సాయంత్రం టీకి
అదీ పోయింది పొయ్యిలోకి.

పప్పు చిక్కబడింది.
వానొస్తే ఇప్పటికీ పొగే.
మొన్న బూడిద తీస్తూ వంగినామె
లేవడానికి నా భుజం పట్టుకుంది.
"అన్నీ చూశావు గానీ
నా నడుం ఎత్తు చూసుకోలేదేంరా?"

రేకు మీద సుద్దగీత గీశాను.
అయిదోదానికి కాళ్ళు కోస్తున్నాను.