పడవెక్కి చూడవలెను

శివరాత్రి వెళ్ళిన రెండో ఆదివారం
భీమిలిలో పాత గోనెసంచుల గొడౌను తాళం తీస్తారు.
ముందు జనపనార వాసన బయటికొస్తుంది,
ఆనక మేం లోపలికెళ్తాం,
ఏడాదికోసారి పోయినవాళ్ళ హాజరు తీసుకునేవాళ్ళం.

రేకు పెట్టెల్లోంచి దస్తావేజులు లేస్తాయి.
రంగూన్ స్టీమరు టిక్కెట్టు సగం ముక్క,
జూటుమిల్లు జీతం చీటీ,
చెద తిన్న గ్రూపు ఫొటో ఒకటి.
మొహం లేని ఆ మూడోవాడు
మా తాతంటే మా తాతని
కోరాడవారూ బంటుపల్లివారూ
నాలుగేళ్ళుగా తెగని తగువు.

నేను డ్రాయింగు మాస్టార్ని, రిటైరై తొమ్మిదేళ్ళు.
చార్టు మీద వంశవృక్షాలు గీస్తాను.
వేర్లంటే నాకిష్టం, ఎవరూ అడగకపోయినా కాసిని ఎక్కువే గీస్తాను.

పిచ్చుకుంట్ల జోగులు నిలబడ్డాడంటే
ఏడు తరాలు ఒక్క ఊపిరిలో దిగిపోతాయి.
అన్నీ మగపేర్లే.
ఆడాళ్ళేరి జోగులూ అంటే
"పాట పొడుగైపోతాది బావూ" అని నవ్వాడు.
నేనూ నవ్వాను.
ఇంటికొచ్చాక చూసుకుంటే
మా నాయనమ్మని కన్నతల్లి పేరు నాకూ తెలీదు.

మా కార్యదర్శి వరాహాలరావు
రిజిస్ట్రారాఫీసులో ముప్పయ్యేళ్ళు నకళ్ళు రాసినవాడు.
ఆయన రిజిస్టర్లో చివరి గడి పేరు ఆధారం.
ఆ గడి నిండందే
నా బ్రష్షు సిరాలో మునగడానికి లేదు.

ఈ ఏడు, భోజనాలయ్యాక,
పులిహోర పొట్లాల మీద ఈగలు ముసిరే వేళ
సూరాడ కొర్లమ్మ వచ్చింది.
ఖాళీ చేపల తట్ట గుమ్మం బయట బోర్లించి
కాళ్ళ ఇసక దులుపుకుని
"మా ముసిల్దాని పేరు రాత్తావేటి?" అంది.

కాగితం ఉందా అన్నాడు వరాహాలరావు.
"కాయితం నేదు."
ఫొటో?
"మొగమే నాకు గురుతు నేదు, ఫొటో ఎక్కడ తెత్తాను?"
మరేముందమ్మా?

ఆవిడ గోడకేసి తిరిగింది,
గోడ లేనట్టే చూసింది.
"వొడ్డు ఇడిసి తూరుపుకెళ్ళు.
ఎర్రమట్టి దిబ్బలు సన్నగీతైపోవాల.
సింవాచలం కొండ లైటౌసు నెత్తినెక్కాల.
అక్కడాగి లంగరెయ్యి.
కింద రాతిపారు.
దాని పేరు గుర్రమ్మ పారు.
గుర్రమ్మ మా ముసిల్ది."

సముద్రంలో రాయికి ఆడమనిషి పేరేంటని
ఎవరో వెనకనించి అడిగారు.

"మొగుడు తిరిగి రాలేదు.
రేతిరేళ దిబ్బ మీద దీపం ఎట్టేది.
దీపమూ కొండా ఒక్క వరసన నిలబడితే
ఆ కింద సేపలున్నాయని
మిగతావోళ్ళకి తెలిసింది.
ఆడు రాలేదు గానీ
ఊరంతా తిన్నాది."

దీపం ఆరి ఎన్నాళ్ళయిందన్నాను.
"నా పెళ్ళికి ముందే.
ఆనక లైటౌసుతో సరిసేసుకున్నారు గుంటలు.
ఇప్పుడు సెల్లులో సూసుకెళ్తన్నారు.
పేరు మాత్రం మార్లేదు."

గొడౌనులో ఫ్యాను ఒకటే చప్పుడు.
జోగులు గుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు.
వరాహాలరావు కళ్ళజోడు ఒకసారి తీసి, పెట్టి,
చివరి గడిలో
నకలు రాసే గుండ్రటి అక్షరాలతో
ఇలా రాశాడు:
పడవెక్కి చూడవలెను.

నేను గుర్రమ్మని గీశాను.
కింద కొర్లమ్మ, ఆమె అక్కలిద్దరూ,
పురిట్లో పోయిన మరో పిల్ల.
ఆ పిల్ల పేరు చెప్పడానికి కొర్లమ్మ కాసేపు ఆగింది.
చార్టు కుడివైపు చాల్లేదు,
బల్ల మీద రెండు వేళ్ళ మేర సిరా అంటింది.

జిరాక్సు ఇమ్మంటే రెండు ఇచ్చాం.
ఒకటి తట్ట అడుగున పరుచుకుంది.
"తడిసిపోద్దమ్మా" అన్నాను.
"తడవనీ, ఆవిడకేటి కొత్తా" అని
తట్ట నెత్తికెత్తుకుంది.

సాయంత్రం తాళమేశాక
వరాహాలరావు నాతో బస్టాండు దాకా నడిచాడు.
దారంతా ఏం మాట్లాడలేదు,
బస్సెక్కే ముందు మాత్రం
"మాస్టారూ, మీకు పడవ పడుతుందా?
నాకు వాంతులవుతాయి" అన్నాడు.