రేకుల మీద వాన

పుంతా అరేనాస్‌లో గాలికి సెలవు లేదు.
పొద్దుట్నించీ కిటికీ దడదడలాడుతూనే ఉంది.
ఎవారిస్తో బర్రీయా లోపలికొచ్చాడు.
ఎడమ బూటు మునివేళ్ల దగ్గర అరిగిపోయింది,
పాదం లేవట్లేదని ఆయనకంటే ముందు బూటే చెప్పింది.

ముప్ఫై ఒక్కేళ్లు ఈ ఊరి ఇళ్లకి జింకు రేకులు కప్పినవాడు.
"నొప్పి బొటనవేల్లో, డాక్టరమ్మా.
అందరూ వీపు చూస్తారేంటి?"

వెల్లకిలా పడుకోబెట్టి కాలు తిన్నగా ఎత్తాను.
నలభై డిగ్రీల దగ్గర పళ్లు బిగించాడు.
సుత్తితో తడితే మోకాలు పలికింది, మడమా పలికింది.
బొటనవేలు పైకెత్తి ఉంచమంటే మాత్రం
నా చూపుడువేలి కింద తడిసిన అట్టలా ఒంగిపోయింది.

స్కాన్‌లో నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య
కాస్త ఉబ్బు ఉంది. ఉంటే ఉంది.
ఏ నొప్పీ లేని నడుముల్లోనూ అలాంటివి చూశాను.
ఫొటోకి నొప్పి తెలియదు.

సూది తీసి ముంగాలి కండలో దించాను.
"వదులుగా ఉంచండి."
బాగున్న కండ, కదపకపోతే, నోరు మెదపదు.
ఇది ఊరుకోలేదు.
స్పీకర్‌లో టప్ టప్ టప్ టప్

ఆయన తల తిప్పి విన్నాడు.
"వాన," అన్నాడు. "పాత రేకుల మీద. సన్నది."
మా పుస్తకాల్లోనూ అదే మాట.
నేను మాత్రం ఆయనకి చెప్పలేదు.

"కారుతోందని పిలుస్తారు నన్ను.
చుక్క మంచం మీద పడుతుంది. చిల్లు మంచం మీదుండదు కదా!
నీళ్లు దూలం పట్టుకుని ఎక్కణ్ణించో నడిచొస్తాయి.
బకెట్ పెట్టేసి పోయేవాడు ఏం పనివాడు?"

నిజమే. నరం మోకాలి పక్కన నలిగినా
ఈ కండలో ఇదే వాన.
"బోర్లా తిరగండి," అన్నాను.
పిరుదులో ఒకసారి గుచ్చాను. వాన.
తర్వాత వెన్ను పక్కన, లోతుగా.
గాలి హోరు. ఏమీ వినపడలేదు.
స్పీకర్ పెంచాను.

అక్కడా కురుస్తోంది.

"దొరికిందా?" అన్నాడు దిండులోంచి,
ఎవరింటి గురించో అడిగినట్టు.
"దొరికింది. అయిదో నడుము నరం, మొదట్లోనే."

బూటు తొడుక్కోబోయి సగంలో ఆగిపోయాడు.
నేను నేలమీద కూర్చుని లేసు కట్టాను.
ఆయన మా గది కప్పుకేసి, మూలనున్న గోధుమరంగు మరకకేసి
చాలాసేపు చూశాడు.

"రెండుసార్లు సున్నం వేయించుంటారు," అన్నాడు లేస్తూ.
"చిల్లు పక్కగది మీదుంది."