రెండు ఇంచులు

పాలిటెక్నిక్‌ల మూడేండ్లు
ఇల్లంటే నాకు తెల్లకాగితం మీది గీత.
తొమ్మిదించుల గోడకు రెండు గీతలు,
తలుపుకు పావు వంతు సున్న,
కిటికీకి మధ్యల సన్నగ ఇంకోటి.
మనుషులు లేని ఇండ్లు ఎన్నో గీసిన,
నూటికి డెబ్బై ఆరు తెచ్చుకున్న.

హన్మకొండల, గోపాలపురం దాటినంక
నూటయాభై గజాల జాగ.
డిపో మెకానిక్కు సారయ్య ఇల్లు కడుతుండు,
కింద తను, పైన కిరాయికి.
కాంట్రాక్టరు నన్ను ఆడ దించి
"సూపర్‌వైజర్ మేడం" అని చెప్పి పోయిండు.
మేస్త్రి ఓదెలు నా చెప్పుల దిక్కు చూసిండు.
ఆ సాయంత్రమే బూట్లు కొన్న.

మొదలు తాడుతోని.
మూడడుగుల కాడ ముడి, నాలుగడుగుల కాడ ముడి,
అడ్డంగ కొలిస్తే ఐదు రావాలె,
వస్తే మూల కుదిరినట్టు.
పుస్తకంల దీనికి ఒక గ్రీకాయన పేరున్నదని చెప్పిన.
"ఏ ఊరి మేస్త్రి?" అన్నడు.

తర్వాత మట్టి.
నల్లరేగడి, వానకు ఉబ్బుతది, ఎండకు నోరు తెరుస్తది.
"దీన్ని నమ్ముకుంటే రేపు గోడ నవ్వుతది."
ఎర్ర మొరం తగిలి గడ్డపార టంగుమనేదాక
తవ్విస్తనే ఉన్నడు.
సారయ్య గుంత అంచున నిలబడి
లోపలికి పోతున్న పైసలు చూస్తుండు.

నీళ్ల గొట్టం ఒక కొస నా చేతిల,
ఇంకో కొస పిల్లర్ కాడ మొగిలమ్మ చేతిల.
నీళ్లు ఊగి ఊగి నిలబడేదాక
ఇద్దరం ఊపిరి బిగబట్టినం.
"బుడగున్నది మేడమూ,
బుడగుంటే నీళ్లు అబద్ధం చెప్తయి."
పదహారేండ్ల సంది తట్ట మోస్తున్నది.
కూలి తట్టకే, ఆ చూపుకు కాదు.

మెట్లు మాత్రం నావి.
కింది బెడ్డు నుంచి పై స్లాబు దాక పదడుగులు.
నూట ఇరవై ఇంచులు, పదహారు ఎత్తులు,
ఒక్కోటి ఏడున్నర,
శేషం సున్న.
శేషం సున్న వస్తే ఎంత సంబురమో
లెక్కలు చేసినోళ్లకే ఎరుక.

ఇటుకలతోని పదిహేను మెట్లు లేచినయి.
మరునాడు పొద్దుగాల ఓదెలు
మొదటి మెట్టు ముంగట మూడించుల ఇసుక పరిచిండు,
పైన స్లాబు మీద కూడ అంతే.
మెట్టు మెట్టుకూ ఇంచు మందం పలక పెట్టిండు.
"కండ్లు మూసుకొని ఎక్కు బిడ్డా."
మేడం పోయి బిడ్డ వచ్చింది, అప్పుడే భయమైంది.

మొదటి మెట్టు మీద కాలు
దొరకాల్సిన కాడ దొరకలే, కిందికి దిగబడ్డది.
తర్వాత పద్నాలుగు మంచిగనే.
చివర బూటు ముక్కు తట్టుకొని
ఇసుకల మోకాళ్ల మీద పడ్డ.

"నేల మందం మరిసినవ్."
కింద ఐదున్నర, పైన తొమ్మిదిన్నర.
కాగితం మీద ఎవ్వరూ పడలే,
గందుకే నాకు తెల్వలే.

పదిహేను మెట్ల మీద రెండేసి ఇంచుల కాంక్రీటు.
సిమెంటు పైసలు నా జీతంల కోసుకోమన్న.
సారయ్యకు చెప్పొద్దన్నడు ఓదెలు,
చెప్పిన.
"క్లచ్ పెడలు రెండించులు అటిటైతే
డ్రైవర్లు తిట్టే తిట్లు నాకెరుకనే" అని
బీడీ ముట్టించుకున్నడు.

వారం రోజులు గోనెసంచులు పరిచి
పొద్దుమాపు నీళ్లు కొట్టిన.

ఇప్పుడు ఏడ మెట్లెక్కినా కాలు లెక్కబెడుతది.
మొన్న ఒక దవాఖానల
పదకొండో మెట్టు కాడ ఒకామె తూలింది,
టిఫిను డబ్బ దొర్లింది,
తన మోకాళ్లను తనే తిట్టుకున్నది.
మోకాళ్లది కాదమ్మా అనబోయి
డబ్బ అందుకొని
ఆమె చెయ్యి పట్టుకున్న.